నాలుగంగుళాల గడ్డం

తెలుగువాళ్ళందరికీ తెలిసిన గడ్డం ఒకటుంది. పచ్చకర్పూరం అద్దిన గడ్డం. వెంకటేశ్వరస్వామి పటం లేని ఇల్లు మనవేపు తక్కువే గనక, ఆ తెల్లని మచ్చ ఏమిటని అడగని పిల్లా ఉండదు, కథ చెప్పని అమ్మమ్మా ఉండదు. అనంతాళ్వారు కొండమీద చెరువు తవ్వుతున్నాడు. నిండు చూలాలైన ఆయన భార్య మట్టి తట్టలు మోస్తోంది. స్వామి చూడలేక కుర్రాడి వేషంలో సాయానికొచ్చాడు. ఎవరి సాయమూ వద్దన్న ఆళ్వారుకి కోపమొచ్చి గునపం విసిరితే అది వెళ్ళి కుర్రాడి గడ్డానికి తగిలింది. తీరా గుళ్ళోకెళ్ళి చూస్తే విగ్రహం గడ్డంనుంచి నెత్తురు! ఆనాడు అద్దిన పచ్చకర్పూరమే ఈనాటికీ అద్దుతున్నారని స్థలపురాణం. ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర ఇప్పటికీ చూపిస్తారు.

దేవుడి గడ్డానికి దెబ్బ తగిలితే మందు వేశారుగాని, అసలు గడ్డమే బాగాలేదని ఎవరూ అనలేదు. మనుషుల సంగతి, అందులోనూ ఆడపిల్లల సంగతి, అలా కాదు కదా!

ఆడవాళ్ళ గడ్డం గురించి రాద్దామని కూర్చుంటే మొదటి చిక్కు మన భాషతోనే వచ్చింది. మొలిచేదీ గడ్డమే, అది మొలిచే చోటూ గడ్డమే. చుబుకం అందామా, అది పుస్తకాల్లో మాట. ‘చుబుకం పట్టుకుని బతిమాలింది’ అంటే ఎవరైనా నవ్వుతారు. గడ్డం పట్టుకునే బతిమాలాలి. కవులు కూడా దీనిమీద పెద్దగా ఖర్చుపెట్టినట్టు లేదు. కళ్ళకి కలువలు, ముక్కుకి సంపెంగ, పెదవికి దొండపండు, మెడకి శంఖం పంచిపెట్టేసరికి గడ్డం దగ్గర బుట్ట ఖాళీ అయింది కాబోలు.

శిల్పులు మాత్రం మరిచిపోలేదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో విగ్రహాల కొలతలు చెబుతూ ముఖాన్ని పన్నెండంగుళాలు చేశాడు. నుదురు నాలుగు, ముక్కు నాలుగు, గడ్డం నాలుగు. ఈ అంగుళం మన కుట్టుమిషను టేపుమీది అంగుళం కాదు. విగ్రహం ఎత్తునిబట్టి మారేది. అంటే కావలసింది కొలత కాదు, పాలు. మూడు వాటాలూ సమంగా ఉండాలంతే. విచిత్రం ఏమిటంటే, అంతకు అయిదారు వందల ఏళ్ళముందు రోములో విట్రూవియస్ అనే వాస్తు పండితుడు కూడా అదే లెక్క చెప్పాడు. గడ్డం అంచునుంచి ముక్కు కిందివరకు ఒక వాటా, అక్కణ్ణుంచి కనుబొమల మధ్యకి ఒక వాటా, పైన నుదురు ఒక వాటా. ఈనాడు ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు మీ ఫొటోమీద గీతలు గీసినా, ఈ మూడు వాటాలే మొదట గీస్తాడు.

ఇంకో సంగతి. గడ్డమన్నది మనిషికి తప్ప ఏ జంతువుకీ లేదు. కోతికి లేదు, గొరిల్లాకి లేదు. ఒకనాటి మన దాయాదులు నియాండర్తల్ మనుషులకీ లేదు. వాళ్ళ కింది దవడ పళ్ళ దగ్గర్నుంచి తిన్నగా వెనక్కి వాలిపోతుంది. మనకే ఎముక ఇంత ముందుకు పొడుచుకొచ్చింది. ఎందుకొచ్చిందన్న విషయంమీద శాస్త్రజ్ఞులు ఇప్పటికీ కీచులాడుకుంటూనే ఉన్నారు. నమలడానికని కొందరు, మాట్లాడడానికని కొందరు, ముఖం చిన్నదవుతూ వస్తే మిగిలిపోయిన ముక్క అని కొందరు. ఎందుకొచ్చిందో తెలియని ఎముకని చూసి, ఆ మనిషి గుణం మాత్రం చెప్పేశారు పెద్దమనుషులు!

ఈ పని ఘనంగా చేసినవాడు లవాటర్ అనే స్విట్జర్లాండు మతగురువు. 1775నుంచి నాలుగు పెద్ద సంపుటాలు వేశాడు, ముఖం చూసి మనసు చదవడంమీద. యూరపంతా వేలంవెర్రిగా చదివింది. గడ్డం ముందుకుంటే పట్టుదల, వెనక్కిపోతే పిరికితనం అన్న మాట అలాంటి పుస్తకాల ధర్మమా అని జనంలో పాతుకుపోయింది. 1831లో బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, లవాటర్ భక్తుడు, తనతో ప్రయాణానికి వస్తానన్న ఓ కుర్రవాడి ముక్కు చూసి, ఇలాంటి ముక్కువాడికి ఇంత దూరం వచ్చే ఓపికా పట్టుదలా ఉంటాయా అని సందేహించాడట. ఆ కుర్రవాడు చార్లెస్ డార్విన్. ముక్కు అబద్ధం చెప్పిందని కెప్టెన్ తరవాత తెలుసుకున్నాడని డార్విన్ తన ఆత్మకథలో సరదాగా రాసుకున్నాడు. ఓడ ఎక్కనిచ్చారు గనక సరిపోయింది. లేకపోతే జీవపరిణామం మాట ఎన్నాళ్ళు ఆలస్యమయ్యేదో!

రాజులకి మాత్రం ఏ గడ్డమైనా చెల్లింది. స్పెయిన్, ఆస్ట్రియాలనేలిన హాబ్స్‌బర్గ్ వంశంలో మేనరికాలు, దగ్గర సంబంధాలు తరతరాలుగా కలుపుకుని కింది దవడ అంతకంతకు ముందుకొచ్చేసింది. స్పెయిన్ శాఖలో ఆఖరివాడు రెండో చార్లెస్ 1700లో పోయాడు. పాపం, ఆహారం సరిగా నమలడం కూడా కష్టమయ్యేది. అతని తండ్రి నాలుగో ఫిలిప్ గడ్డాన్ని వెలాస్కెజ్ అంతటి చిత్రకారుడు ఉన్నదున్నట్టు బొమ్మకట్టాడు. రాజుగారు కాదనలేదు. అది వంశచిహ్నం మరి. అదే దవడ ఓ చాకలామెకుంటే ఏమనేవారో!

సరే, ముఖాన్ని మార్చే విద్య సంగతికొద్దాం. ఇందులో ముక్కు పెద్దది, గడ్డం చిన్నది. తెగిన ముక్కుని అతకడం మన సుశ్రుతుడికే తెలుసు. టిప్పు సుల్తాన్ సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకున్న కవాస్‌జీ అనే బండివాడికి మన దేశపు వైద్యుడొకడు నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో బొమ్మతోసహా అచ్చయింది. అది చూసే ఇంగ్లీషు డాక్టర్లు నేర్చుకున్నారు. కాని గడ్డానికి కావలసింది చర్మం కాదు. లోపల బరువు, ఎత్తు. ఎముకలాంటిదేదో కావాలి. ఆ ‘ఏదో’ ఏమిటన్నదే వందేళ్ళకు పైబడి సాగుతున్న కథ.

మొదట దొరికింది మైనం. కొవ్వొత్తి మైనమే! 1899 ప్రాంతంలో వియన్నాలో గెర్సునీ అనే డాక్టరు పారఫిన్‌ని కరిగించి సూదితో చర్మం కిందికి ఎక్కించే పద్ధతి కనిపెట్టాడు. కత్తి లేదు, కుట్టు లేదు, లోపలికెళ్ళి గడ్డకట్టి కూర్చుంటుంది. ఇంతకన్న తేలికేముంది? యూరపులోనూ అమెరికాలోనూ ముడతలకి, ముక్కులకి, బుగ్గలకి మైనం ఎక్కించుకోవడం మొదలుపెట్టారు.

గ్లాడిస్ డీకన్ పారిస్‌లో 1881లో పుట్టిన అమెరికన్ పిల్ల. ఆమె అందం చూసి ఆ రోజుల్లో రాజకుమారులూ రచయితలూ కూడా తలలు తిప్పుకోలేకపోయారు. ఫొటోలు చూశాను. నిజంగానే కళ్ళు తిప్పుకోలేం. కాని ఆ పిల్లకి తన ముఖంలో ఒక్కటే వెలితి కనిపించింది. గ్రీకు శిల్పాలకి నుదుటినుంచి ముక్కు కొసదాకా గీత గీసినట్టుంటుంది చూడండి, తనకి ఆ గీత మధ్యలో చిన్న నొక్కు పడింది. ఇరవైరెండేళ్ళ వయసులో ఆ నొక్కులోకి మైనం ఎక్కించుకుంది. మైనం అక్కడ ఆగలేదు. మెల్లిగా కిందికి జారింది. ముక్కు పాడయింది, దిగజారిన మైనం గడ్డం దగ్గర ముద్దలుకట్టింది. 1921లో, నలభయ్యో ఏట, ఏళ్ళతరబడి వలచిన మార్ల్‌బరో డ్యూకుని పెళ్ళాడి బ్లెనిమ్ భవనానికి యజమానురాలయింది. ఆ సంసారమూ నిలవలేదు. చివరి రోజులు మానసిక వైద్యశాలలో గడిపి 1977లో, తొంభయ్యారేళ్ళకి కన్నుమూసింది. బ్లెనిమ్ ముఖమంటపం పైకప్పుమీద 1928లో ఆమె నీలికళ్ళు చిత్రించారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ముఖంలో మిగిలిన అందాన్ని మాత్రమే దాచుకున్నట్టు, కళ్ళే, వట్టి కళ్ళే.

ఆమె ఒక్కతే కాదు. మైనం ఎక్కించుకున్న ఎంతోమందికి కొన్నేళ్ళకి అది గట్టి గడ్డలై, చర్మం ఎర్రబడి, పుండ్లు పడింది. తీద్దామంటే కండలో కలిసిపోయి ఊడిరాదు. చేసినవాడికి నిమిషాల పని, చేయించుకున్నవాళ్ళకి జన్మంతా.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఈ సరదాలన్నీ పక్కకి నెట్టింది. దవడలే ఎగిరిపోయిన కుర్రాళ్ళు వేలసంఖ్యలో ఇంటికొచ్చారు. ఇంగ్లండులో సిడ్‌కప్ అనేచోట 1917లో ఇందుకోసమే ఆసుపత్రి తెరిచారు. న్యూజీలాండులో పుట్టిన హరాల్డ్ గిలీస్ అక్కడ తుంటి ఎముకలతో, పక్కటెముకలతో దవడలు కట్టాడు. వార్డుల్లో అద్దాలు పెట్టనివ్వలేదు. ఊళ్ళోకెళ్ళే దారిలో కొన్ని బెంచీలకి నీలం రంగు వేశారు. అక్కడ కూర్చున్న మనిషి ముఖం చూసి హడలిపోకండని ఊరివాళ్ళకి ముందస్తు హెచ్చరిక. మన సొంత ఎముకనే మన ఒళ్ళు కాదనదన్న సంగతి డాక్టర్లకి బాగా తలకెక్కింది అక్కడే.

అయితే గడ్డాన్ని అందం లెక్కలోకి తెచ్చినవాళ్ళు ముక్కు డాక్టర్లే. బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ అని గొప్ప ముక్కుల డాక్టరుండేవాడు. పల్లపు ముక్కులకి దంతపు ముక్కలు చెక్కి పెట్టేవాడు. ఏనుగు దంతం సుమండీ! ఆయన దగ్గర నేర్చుకుని న్యూయార్కు చేరిన ఔఫ్రిహ్ట్ 1934లో ఒక చమత్కారమైన పని ప్రకటించాడు. ముక్కు దూలం ఎత్తుగా, గడ్డం లోపలికి ఉన్న మనుషులకి ముక్కుమీదినుంచి తీసిన ఎముక ముక్కని పారెయ్యకుండా గడ్డంలో పెట్టడం! ఎక్కువైనచోట తీసి తక్కువైనచోట వెయ్యడం. మనం ఒక గిన్నెలో పులుసు ఎక్కువైతే ఇంకో గిన్నెలోకి వంచినట్టు. ఇందులో అసలు కీలకం ఏమిటంటే, ముక్కు పెద్దదని ఏడ్చేవాళ్ళలో చాలామందికి ముక్కు పెద్దది కాదు, గడ్డం చిన్నది. పక్కింటి మేడ పొడుగ్గా కనపడడం మన పెంకుటింటి మహిమ.

ఈ మాట మా అన్నయ్య కూతురికి కిందటేడు నిజంగానే ఎదురైంది. హైదరాబాదులో ఉద్యోగం, ఇరవైనాలుగేళ్ళు. సంబంధం వాళ్ళు ఫొటో చూసి “పిల్ల బాగానే ఉందిగాని, ముక్కే కాస్త...” అని నీళ్ళు నమిలారట. ఇంకేం, ముక్కు తగ్గించుకోవాలని పట్టుబట్టి డాక్టరు దగ్గరికెళితే ఆయన “ముక్కు కాదమ్మా, గడ్డం” అన్నాడు. వెళ్ళేటప్పుడు ఒక లోపంతో వెళ్ళింది, వచ్చేటప్పుడు రెండో లోపంతో వచ్చింది. తీరా ఆ ఫొటో ఏదని చూస్తే, చెయ్యి చాపి సెల్‌ఫోనుతో తనే తీసుకున్నది! ముఖానికి అడుగు దూరంలోంచి తీసిన ఫొటోలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో లెక్కగట్టి చెప్పారు. ముందుకున్నది మరింత ముందుకు, వెనకున్నది మరింత వెనక్కి. అదే అయిదడుగుల దూరంనుంచి తీస్తే ఆ దోషం ఉండదు. ఈ లెక్క పెళ్ళివాళ్ళకెవరు చెబుతారు? నేను చెబుదామంటే మా వదిన నోరు నొక్కేసింది.

“అత్తా, డాక్టరు రెండుమూడు రకాలున్నాయన్నారు. ఏది మంచిదంటావు?” అంది పిల్ల. నాకేం తెలుసు, కథలు రాసుకునేదాన్ని. అయినా కథ తెలుసుకోవడం నాకలవాటే గనక పుస్తకాలు తెరిచాను. ఈ వ్యాసానికి అసలు పుట్టుక అదీ.

తెరవగానే ఎదురైంది మార్లిన్ మన్రో. 1950లో, ఇంకా చిన్నచిన్న వేషాలు వేస్తున్న రోజుల్లో, ఆమె గడ్డంలో మృదులాస్థి ముక్క పెట్టించుకుంది. చెవి డిప్ప వంచితే వంగుతుందే, అలాంటి మెత్తని ఎముక. ఆ తరవాత ఆ ముఖం లోకమంతా గోడలకెక్కింది. లక్షలమంది అద్దంముందు నిలబడి ఆ గడ్డంలా తమది లేదేమని చూసుకున్నారు. కాని లోపల ఆ ముక్క కొద్దికొద్దిగా కరిగిపోతూ వచ్చింది. 1958లో ఆమె గడ్డం తీరు మారిందని డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు, మునుపు పెట్టింది కరుగుతోందని ఆయన రాసుకున్నట్టు కాగితాలున్నాయి. ‘సమ్ లైక్ ఇట్ హాట్’ షూటింగు జరిగింది ఆ సంవత్సరమే. అందరూ నవ్వుకున్న సినిమా! 1962లో ఆమె చనిపోయింది. ఆ డాక్టరు కాగితాలు, ఎక్స్‌రేలు 2013లో వేలం వేస్తే 25 వేల డాలర్ల పైచిలుకు పలికాయి. బతికుండగా ముఖం అమ్ముకున్నారు, పోయాక ముఖంలోని ఎముకల బొమ్మలు అమ్ముకున్నారు. నాకైతే ఆ వేలం వార్త చదివినప్పుడు ఒళ్ళు మండింది.

మృదులాస్థి కరుగుతుంది, దంతం ఇమడదు, మైనం జారుతుంది. ఇక మనిషి చేసిన సరుకే గతి అన్నారు. యాక్రిలిక్‌లు, ప్లాస్టిక్‌లు వచ్చాయి. వాటి వెనకే సిలికోన్ వచ్చి రాజ్యమేలింది. మెత్తగా ఉంటుంది, కత్తితో చెక్కుకోవచ్చు, ఒళ్ళు పెద్దగా గొడవచెయ్యదు. చుట్టూ పల్చని పొర అల్లి దాన్ని ఒక సంచిలో పెట్టినట్టు ఉంచుతుంది. కండకి అంటుకోదు గనక, తియ్యాలంటే తేలిగ్గా వచ్చేస్తుంది. అంటుకోదు గనకనే ఒక్కొక్కసారి పక్కకి జరుగుతుంది కూడా. ఇంతలో 1969లో ఇద్దరు డాక్టర్లు ఎక్స్‌రేలు తీసి చూస్తే, గడ్డంలో పెట్టిన ప్లాస్టిక్ కింద అసలు ఎముక అరిగిపోతోందని తేలింది. గడ్డం కండరం మనం మాట్లాడినప్పుడల్లా, పెదవి బిగించినప్పుడల్లా ఆ ముక్కని వెనక్కి నొక్కుతూనే ఉంటుందిగా! చాలామందికి ఆ అరుగుదల కొంతదూరం వెళ్ళి ఆగిపోతుంది, బాధా ఉండదు. కాని ఎముకని పెంచడానికి పెట్టింది ఎముకనే తినడం మాత్రం తమాషా.

పాతరోజుల్లో ఆ ముక్క బొత్తాంలా చిన్నది. గడ్డం మధ్యన బుడిపెలాగా నిలబడి, పక్కల్ని పల్లం కనిపించేది. 1980లనుంచి రెండువేపులా దవడ వెంబడి పల్చబడుతూ పోయే రెక్కలున్న రకం వాడుకలోకొచ్చింది. రవిక భుజం దగ్గర ముక్క అతికినట్టు తెలియకుండా కలిసిపోవాలి మరి. ఆ కాలంలోనే సన్నసన్న రంధ్రాలుండే పాలీఇథిలీన్ కూడా వచ్చింది. ఆ రంధ్రాల్లోకి మన కండ ఎదుగుతుంది. అంచేత కదలదు. అంచేతే, తియ్యాల్సొస్తే ఊడదీసేటప్పుడు మన కండనీ ఇంత తీసుకుని వస్తుంది. కదలనిది కావాలా, తియ్యడానికి వీలైనది కావాలా? రెండూ ఒక్కదాంట్లో దొరకవు.

ఇవేవీ వద్దు, మన ఎముకనే జరుపుదాం అన్నవాళ్ళున్నారు. 1942లో హోఫర్ అనే డాక్టరు శవంమీద చేసి చూపించాడు, గడ్డం ఎముకని అడ్డంగా కోసి, సొరుగు లాగినట్టు ముందుకి జరపడం. 1957లో ఓబ్‌వెగేసర్, ట్రౌనర్ నోటిలోపలినుంచే ఆ పని చేసే పద్ధతి ప్రకటించారు. పైకి గాటు కనపడదు. కోసిన ఎముకని ఇప్పుడు చిన్న టైటానియం రేకులతో బిగిస్తారు. పెట్టుడు ముక్కతో ముఖ్యంగా ముందుకే తేగలరు. ఎముకనైతే పొడుగు తగ్గించొచ్చు, పెంచొచ్చు, ఓ పక్కకి వంకరుంటే సరిదిద్దొచ్చు. పరాయి వస్తువు పెద్దగా ఉండదు. కాని ఎముక కొయ్యడమంటే మాటలు కాదు, వాపు ఎక్కువ, కోలుకోడానికి రోజులెక్కువ. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం అక్కడే బయటికొస్తుంది. అది దెబ్బతింటే పెదవీ గడ్డమూ కొన్నాళ్ళు, అరుదుగా ఎప్పటికీ, మొద్దుబారిపోతాయి. పెట్టుడు ముక్కకీ ఆ భయం లేకపోలేదు.

ఇక సూదిమందు. గడ్డంలోకి హయలూరోనిక్ ఆమ్లం ఎక్కిస్తారు. ఏడాదో, ఏడాదిన్నరో ఉండి కరిగిపోతుంది. నచ్చకపోతే ఇంకో మందిచ్చి ముందే కరిగించెయ్యొచ్చు. గెర్సునీ మైనం మళ్ళీ వచ్చినట్టు నాకు మొదట గుండె ఝల్లుమందిగాని, కరగడంలోనే దీని గుణం ఉందని తరవాత అర్థమైంది. ఆనాటిది కరగకూడదన్నారు, ఈనాటిది కరగాలన్నారు.

ఈ మోజు ఎక్కడిదాకా పోయిందంటే, అమెరికాలో 2011 ఒక్క ఏడాదిలో గడ్డం ఆపరేషన్లు 71 శాతం పెరిగాయట. 20 వేల పైచిలుకు. అక్కడి ప్లాస్టిక్ సర్జన్ల సంఘమే ప్రకటించింది. కంప్యూటరు తెరమీద ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకునే రోజులు రావడమే కారణమని వాళ్ళ ఊహ. తెరమీద ఎదుటివాళ్ళని చూస్తున్నామనుకుంటాం. చూసేది మూలనున్న మన బొమ్మనే! మీరూ అంతేనా?

అన్నిటికన్న ముఖ్యమైన సంగతి ఈ రకాలన్నిటికీ ముందుదని నాకు చివర్న తెలిసింది. గడ్డం లోపలికుండడం వేరు, కింది దవడే మొత్తంగా వెనక్కుండడం వేరు. రెండోదైతే పైపళ్ళూ కిందిపళ్ళూ సరిగా కలవవు. దానికి గడ్డంలో ముక్క పెట్టడం గోడ బీట మీద కాలెండరు తగిలించినట్టే. పళ్ళు సరిచెయ్యడమో, దవడ ఆపరేషనో కావాలి. అది చూడకుండా ఏ రకం ముక్క అని అడగడం ముందూ వెనకా తెలియని ప్రశ్న. మా పిల్లని చూసిన డాక్టరు పక్కనుంచి ఫొటో తీశాడు, గీతలు గీశాడు, ఖర్చెంతో చెప్పాడు. నోరు తెరవమని మాత్రం అడగలేదు.

నేనో కాగితంమీద రాసిచ్చాను. పళ్ళు కలుస్తున్నాయా లేదా? పెట్టేది ఏ సరుకు? ఎక్కణ్ణుంచి కోస్తారు? ఎన్ని మిల్లీమీటర్లు? పదేళ్ళ తరవాత తియ్యాల్సొస్తే ఎలా తీస్తారు, అప్పుడు ముఖం ఎలా ఉంటుంది? పిల్ల చదువుకుని, “వరాహమిహిరుడి లెక్కలో నాది ఎన్నంగుళాలత్తా?” అంది. కుట్టుమిషను టేపు తెచ్చి కొలిచాం. నుదురూ ముక్కూ సమానంగా ఉన్నాయి. గడ్డం పావంగుళం తక్కువ. ఆవిడగారి నుదుటితో పోలిస్తే నాది ఒక వాటా ఎక్కువ, జుట్టు ఊడిపోతోంది గనక.

ఆ సంబంధంవాళ్ళు వేరేచోట కుదుర్చుకున్నారు. పిల్ల ఇంకా తేల్చుకోలేదు. వచ్చే మంగళవారం ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళుతోంది.